‘జారిపడ్డాను సిస్టర్’ – గృహహింసకు గురైన స్త్రీకి ఆసుపత్రి ఇవ్వగల ఆదరణ



క్యాజువాలిటీలో గాని, ఓ.పి.లో గాని పనిచేసే ఏ నర్సుకైనా ఈ మాటలు కొత్త కాదు. "బాత్‌రూములో జారిపడ్డాను." "చీకట్లో తలుపు తగిలింది." "గేదె కొమ్ము విసిరింది." "స్టవ్ అంటుకుంది." చాలాసార్లు ఇవి నిజమే. మన ఇళ్లలో గచ్చు జారుతుంది, గేదెలూ పొడుస్తాయి. కానీ కొన్నిసార్లు నోరు ఒకటి చెబుతుంది, గాయం మరొకటి చెబుతుంది. జారిపడిన మనిషికి అరచేతులు, మోకాళ్లు, మోచేతులు కొట్టుకుపోతాయి. మెడ మీద వేళ్ల గుర్తులు పడవు. రెండు ముంజేతుల మీదా వరుసగా కమిలిన దెబ్బలు ఉండవు.

గాయానికి కుట్లు వేయడం, కట్టు కట్టడం మాకు నర్సింగ్ స్కూలులోనే నేర్పారు. ఆ గాయం చేసిన చేయి ఎవరిదో ఎలా అడగాలి, అడిగిన తరువాత ఏమి చేయాలి అన్నది పుస్తకాలలోకి ఆలస్యంగా వచ్చింది. ఆ విషయాన్ని మా సిబ్బందికే కాక, ఈ పత్రిక చదివే తల్లులు, అక్కచెల్లెళ్లు, సంఘ పెద్దలు అందరికీ చెప్పాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఇది ఎంతమంది సమస్య?

2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పెళ్లయిన 18 నుండి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో హింసకు గురైనవారు దేశం మొత్తం మీద 29 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో 37 శాతం. అంటే మన ఓ.పి. బల్ల మీద కూర్చున్న ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు.

అదే సర్వేలో మరో సంఖ్య ఉంది. శారీరకంగా గాని, లైంగికంగా గాని హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతం మాత్రమే. 77 శాతం మంది సహాయం అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనని చెప్పిన స్త్రీలు మన రెండు రాష్ట్రాలలోనూ నూటికి 84 మంది వరకు ఉన్నారు. కూర సరిగా వండకపోతేనో, ఎదురు చెబితేనో, చెప్పకుండా బయటికి వెళితేనో దెబ్బ పడితే అది తన తప్పే అని చాలామంది నమ్ముతున్నారు.

పోలీసు స్టేషను మెట్లు ఎక్కాలంటే ఆమెకు ధైర్యం కావాలి, తోడు కావాలి, ఇంట్లో చెప్పడానికి ఒక కారణం కావాలి. ఆసుపత్రికి రావడానికి ఇవేవీ అక్కరలేదు. బిడ్డకు టీకా, తనకు నెలల పరీక్ష, తలనొప్పి అంటే ఇంట్లోవాళ్లే పంపుతారు. ఎవరికీ చెప్పని ఆ 77 శాతం మంది కూడా ఏదో ఒక రోజు మన గుమ్మం లోపలికి వస్తారు. అందుకే ఆసుపత్రి బాధ్యత మిగతావారికంటే ఎక్కువ.

హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు

గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉంది. ఈ చట్టం నాలుగు రకాల హింసను చెబుతుంది.

1. శారీరక హింస: కొట్టడం, తన్నడం, జుట్టు పట్టి ఈడ్వడం, గొంతు నులమడం, కాల్చడం.
2. లైంగిక హింస: ఇష్టానికి విరుద్ధంగా, అవమానకరంగా ప్రవర్తించడం.
3. మాటలతో, మానసికంగా పెట్టే హింస: తిట్టడం, బెదిరించడం, పిల్లలు లేరని, మగపిల్లవాడిని కనలేదని ఎత్తిపొడవడం.
4. ఆర్థిక హింస: ఇంటి ఖర్చుకు ఇవ్వకపోవడం, జీతం, ఏ.టి.ఎం. కార్డు లాక్కోవడం, ఆమె నగలు అమ్ముకోవడం, ఉద్యోగం మాన్పించడం.

ఈ చట్టం భార్యకు మాత్రమే పరిమితం కాదు. అదే ఇంటిలో ఉండే తల్లి, అక్కచెల్లెలు, భర్తను పోగొట్టుకున్న కోడలు, పెళ్లి కాకుండా కలిసి కాపురం చేస్తున్న స్త్రీ కూడా దీని క్రింద రక్షణ కోరవచ్చు.

ఎప్పుడు అనుమానించాలి?

• గాయానికీ, చెప్పిన కారణానికీ పొంతన లేనప్పుడు.
• పాత దెబ్బలు, కొత్త దెబ్బలు కలిసి కనిపించినప్పుడు.
• చెంపదెబ్బకు కర్ణభేరి చిరిగినప్పుడు, ముంజేతి ఎముక విరిగినప్పుడు. (తల కాచుకోవడానికి చేయి అడ్డం పెడితే ఈ ఎముక విరుగుతుంది.)
• గర్భిణికి పొట్ట మీద, రొమ్ముల మీద దెబ్బలు ఉన్నప్పుడు.
• మందులకు తగ్గని తలనొప్పి, పొత్తికడుపు నొప్పి, నిద్రలేమితో మళ్లీ మళ్లీ వచ్చినప్పుడు.
• దెబ్బ తగిలిన రెండు మూడు రోజులకు గాని తీసుకురానప్పుడు.
• ప్రతి ప్రశ్నకూ ప్రక్కనున్నవారే జవాబు చెబుతూ, ఆమెను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలనప్పుడు.
• విషం మింగి, లేదా కాలిన గాయాలతో వచ్చిన ప్రతి స్త్రీ విషయంలో.

గొంతు నులిమిన కేసు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మెడ మీద గుర్తు లేకపోయినా లోపల రక్తనాళం దెబ్బతిని ఉండవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టం కావడం, కళ్లలో ఎర్రని చుక్కలు ఉంటే డాక్టరుగారికి వెంటనే చెప్పాలి. ప్రమాదం కొన్ని గంటలకు, కొన్ని రోజులకు కూడా బయటపడవచ్చు. ఒకసారి గొంతు నులిమినవాడు ప్రాణం తీసే ప్రమాదం ఎక్కువ అని గుర్తుంచుకోండి.

ఎలా అడగాలి?

మొదటి నియమం: ఆమె ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. భర్త ముందు, అత్తగారి ముందు, తెలిసీ తెలియని పిల్లల ముందు అడగకూడదు. అడిగితే ఇంటికి వెళ్లాక ఆ ప్రశ్నకు కూడా ఆమే దెబ్బలు తినాలి. ఒంటరిగా పిలవడం నర్సుకు కష్టం కాదు. "యూరిన్ శాంపిల్ కావాలి", "డ్రెస్సింగ్ రూములోకి బంధువులు రాకూడదు", "బరువు చూడాలి" అంటే చాలు.

రెండవ నియమం: నిందించే ప్రశ్న వద్దు. "నువ్వేమన్నావు? ఊరికే కొడతాడా?" అన్నామా, ఆమె నోరు మూతపడుతుంది. ఇలా అడగవచ్చు: "అమ్మా, ఇంట్లో ఎవరైనా చేయి చేసుకున్నప్పుడు ఇలాంటి దెబ్బలు తగలడం మేము చూస్తుంటాం. మీకు అలా ఏమైనా జరిగిందా? చెబితే మీ అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకు చెప్పము." లేదంటే బలవంతం చేయకూడదు. "ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే మేము ఉంటాం" అని వదిలేయాలి. అడిగారన్న సంగతి ఆమె మరచిపోదు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మన సామెత. క్యాజువాలిటీలో ఆయాలు గుసగుసలాడినా, వార్డులో నర్సు చిన్నగా నవ్వినా, ప్రక్క మంచం వాళ్లకు వినబడేలా కారణం చదివినా అదే పని చేసినట్టు.

విన్న తరువాత అయిదు పనులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వైద్య సిబ్బందికి ఇచ్చిన మార్గదర్శకాలను, తరువాత వచ్చిన చేతి పుస్తకాన్ని అనుసరించి మొదటి ఆదరణలో అయిదు మెట్లు ఉన్నాయి.

1. వినండి. మధ్యలో అడ్డుకోకుండా, గడియారం చూడకుండా.
2. ఆమెకు ఇప్పుడు ఏమి కావాలో అడగండి. ఒకరికి నిద్ర, ఒకరికి పిల్లలకు పాలు, ఒకరికి తల్లికి ఒక ఫోను.
3. నమ్ముతున్నామని చెప్పండి. "ఇందులో మీ తప్పు లేదు. కొట్టే హక్కు ఎవరికీ లేదు." చాలామంది ఈ మాట జీవితంలో మొదటిసారి వింటారు.
4. ఇంటికి వెళితే ప్రమాదం ఉందా అని చూడండి. దెబ్బలు పెరుగుతున్నాయా? చంపుతానని బెదిరించాడా? ఆయుధం చూపాడా? ఆమె గర్భవతా? చనిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. మనసులో ఉన్నది బయటికి వస్తుంది.
5. తరువాతి సహాయం చేసేవారితో కలపండి.

ఆత్మహత్యకు ప్రయత్నించి వచ్చినవారి కుటుంబాలు పోలీసు కేసుకు భయపడి నిజం దాస్తాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటి వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి చికిత్స, సంరక్షణ ఇవ్వాలంటుంది, శిక్షించమనదు. ఈ సంగతి చెబితే ఆమె సగం భయం తగ్గుతుంది.

కౌన్సెలింగ్ అంటే సర్దిచెప్పి పంపడమా?

మన ప్రాంతంలో కౌన్సెలింగ్ అనగానే పెద్దమనుషుల పంచాయితీ గుర్తుకు వస్తుంది. ఇద్దరినీ కూర్చోబెట్టి, అతనితో "ఇకనుంచి కొట్టకు" అనిపించి, ఆమెతో "కాస్త సర్దుకుపో అమ్మా" అని చెప్పి ఒకే ఆటోలో ఎక్కించడం. కొట్టినవాడి ఎదుట కూర్చుని ఏ స్త్రీ నిజం చెబుతుంది? చెబితే ఆ రాత్రి ఇంట్లో ఏమవుతుంది?

దీనికి భిన్నమైన దారి మన దేశంలోనే ఉంది. ముంబయిలోని బాంద్రా భాభా మునిసిపల్ ఆసుపత్రిలో 2000లో ‘దిలాసా’ అనే కేంద్రం మొదలైంది. సెహత్ అనే స్వచ్ఛంద సంస్థ, ముంబయి నగరపాలక సంస్థ కలిసి ప్రారంభించాయి. ఆసుపత్రి సిబ్బందికే శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా చేయడం దాని ప్రత్యేకత. తరువాత నగరంలోని మరికొన్ని మునిసిపల్ ఆసుపత్రులకు ఆ పద్ధతి విస్తరించింది. దిలాసా అంటే ధైర్యం చెప్పడం. అక్కడ కౌన్సెలర్ పని ఆమెను తిరిగి పంపడమూ కాదు, విడిపించడమూ కాదు. హింసకు ఆమె కారణం కాదని చెప్పడం, ఆమె ప్రాణానికి జాగ్రత్త ఏర్పాటు చేయడం, దారులన్నీ చూపించి నిర్ణయం ఆమెకే వదలడం.

మన చట్టం క్రింద 2006లో వచ్చిన నియమాలు కూడా ఇదే చెబుతున్నాయి. కోర్టు ఆదేశించిన కౌన్సెలింగ్‌లో కొట్టినవాడు "ఇందుకు కొట్టాను" అని సమర్థించుకోవడానికి వీలు లేదు.

గుర్తుపట్టకుండా వివరాలు మార్చి, ఇద్దరు ముగ్గురి కథ కలిపి ఒక ఉదాహరణ చెబుతాను. పాతికేళ్ల అమ్మాయి, రెండవ కాన్పు, ఏడవ నెల. రక్తస్రావంతో తీసుకువచ్చారు. "బిందె ఎత్తింది" అన్నారు అత్తగారు. శాంపిల్ కోసం ప్రక్కకు తీసుకువెళ్లిన సిస్టరు మెల్లగా అడిగితే పొట్ట మీద తన్నాడని చెప్పింది. దేవుని దయ వలన బిడ్డ దక్కింది. మూడు రోజులు ఆమెతో మాట్లాడాము. నాలుగవ రోజు "ఇంటికే వెళతాను సిస్టర్, పెద్దపిల్లను అక్కడే వదిలి వచ్చాను" అంది. మా సిబ్బందిలో కొందరు చిన్నబుచ్చుకున్నారు. ఇంత చెప్పి ఏమి లాభం అన్నారు.

వెళ్లేముందు ఆమె మూడు పనులు చేసింది. 181 నంబరు కాగితం మీద వ్రాసుకోకుండా నోటికి పట్టింది. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం ప్రక్క వీధిలోని పిన్ని ఇంట్లో దాచుకుంటానంది. జరిగింది తన మాటలలోనే కేసు షీటులో వ్రాయించుకుంది. కాన్పు అయిన నాలుగు నెలలకు ఇద్దరు పిల్లలతో ఓ.పి.కి వచ్చింది. క్రితం రాత్రి అతను కర్ర తీసేసరికి బయటికి వచ్చి 181కి ఫోను చేసిందట. "అప్పుడు వ్రాసిన కాగితం కావాలి సిస్టర్" అని అడిగింది. రక్షణ అధికారి దగ్గర ఆమెకు మొదటి ఆధారం ఆ కాగితమే.

చాలామంది స్త్రీలు ఒక్కసారి చెప్పగానే బయటికి రారు. పిల్లల చదువు, చేతిలో డబ్బు లేకపోవడం, చెల్లెలి పెళ్లి, ఊరి మాట ఎన్నో ఉంటాయి. అతని కోపం ఎప్పుడు ఎంతదూరం పోతుందో దగ్గరగా చూసినది ఆమె. ఎప్పుడు అడుగు వేస్తే బ్రతుకుతుందో కూడా ఆమెకే తెలుసు. రెండవసారి వచ్చినప్పుడు "మేము అప్పుడే చెప్పాం కదా" అనకుండా తలుపు తీయడం మన పని.

ఇంట్లోనే ఉండేవారికి జాగ్రత్తలు

• గొడవ మొదలైతే వంటగదిలోకి, బాత్‌రూములోకి వెళ్లవద్దు. బయటికి దారి ఉన్న గదిలో ఉండండి.
• నమ్మకమైన ఒక పొరుగింటామెకు గుర్తు చెప్పి ఉంచండి. "అక్కా, కొంచెం పంచదార ఇస్తావా అని ఫోను చేస్తే వెంటనే రా" అన్నట్టు.
• ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, రోజూ వేసుకునే మందులు, కొద్దిగా డబ్బు వేరేచోట ఉంచండి.
• ఒకటి రెండు ఫోను నంబర్లు నోటికి రావాలి. ఫోను లాక్కుంటే అవే దిక్కు.
• మధ్యలో అడ్డు రాకూడదని, బయటికి పరుగెత్తి పిలవాలని పిల్లలకు నేర్పండి.

రికార్డు ఎందుకు ముఖ్యం?

ఎవరు, దేనితో, ఎప్పుడు, ఎక్కడ కొట్టారో ఆమె మాటలలోనే వ్రాయాలి. "ఆమె ఆరోపిస్తోంది" అని కాకుండా "ఆమె చెప్పినది" అని వ్రాయాలి. ప్రతి గాయం కొలత, రంగు, స్థానం వ్రాయాలి. ఇంటికి తీసుకువెళ్లే ఓ.పి. చీటీ మీద మాత్రం ఈ సంగతులు వ్రాయకూడదు. అది ఎవరి చేతిలో పడుతుందో తెలియదు.

2006 నియమాల ప్రకారం, గృహహింస సంఘటన నివేదిక లేదన్న కారణంతో ఏ వైద్య కేంద్రమూ ఆమెకు చికిత్స నిరాకరించకూడదు. సహాయం కోరినప్పుడు ఆ నివేదిక లేకపోతే ఆసుపత్రి అధికారే పూర్తిచేసి స్థానిక రక్షణ అధికారికి పంపాలి. వైద్య పరీక్ష నివేదిక నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వాలి.

రహస్యం కాపాడతామన్న మాటకు ఒక మినహాయింపు ఉంది. 18 ఏళ్లు నిండని అమ్మాయిపై లైంగిక నేరం జరిగితే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. ఈ విషయం ఆమెకు ముందే చెప్పడం న్యాయం.

తరచుగా అడిగే ప్రశ్నలు

కేసు పెడితే మా ఆయన జైలుకు వెళతారా?
గృహహింస చట్టం క్రింద మొదట వచ్చేది రక్షణ. కొట్టవద్దని ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ, నష్టపరిహారం. ఆ రక్షణ ఉత్తర్వును మీరితే ఒక సంవత్సరం వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వేధింపులపై క్రిమినల్ కేసు వేరు. పూర్వం 498–ఎ అని అందరికీ తెలిసిన సెక్షను, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను అయింది.

ఇల్లు మామగారి పేరున ఉంది. గెంటేస్తే ఎలా?
భార్యాభర్తలుగా కాపురం ఉన్న ఇల్లు అత్తమామల పేరున ఉన్నా అందులో ఉండే హక్కు కోరవచ్చని సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో తీర్పు ఇచ్చింది.

ఎంతకాలం పడుతుంది?
మామూలుగా మూడు రోజులలో మొదటి విచారణ, 60 రోజులలో ముగించే ప్రయత్నం జరగాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఆలస్యం జరుగుతున్నది. అందుకే మొదటి రోజే తాత్కాలిక ఉత్తర్వు కోరడం మంచిది.

లాయరుకు డబ్బు లేదు.
స్త్రీలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయ సహాయం ఉంది.

ఆయన తాగుడు మానితే అంతా సర్దుకుంటుందా?
తాగుడుకు చికిత్స తప్పక ఇప్పించండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాపై తిరగబడింది ఊరకనే కాదు. ఆ ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అయితే తాగినవాడు దుకాణం యజమానిని కొట్టడు, ఎస్.ఐ.గారిని కొట్టడు. ఇంటికి వచ్చేదాకా ఆగి భార్యను కొడతాడు. చేయి ఎవరి మీద ఎత్తాలో అతనికి తెలుసు. కాబట్టి తాగుడుకు మందు, కొట్టడానికి అడ్డుకట్ట రెండూ కావాలి.

సహాయం దొరికే చోట్లు

• 181 – మహిళల హెల్ప్‌లైన్, రాత్రింబగళ్లు.
• 112 – ప్రాణాపాయంలో పోలీసు సహాయం.
• సఖి వన్ స్టాప్ సెంటర్ – ఈ పథకం 2015లో మొదలైంది. వైద్యం, పోలీసు, న్యాయ సహాయం, కౌన్సెలింగ్, అయిదు రోజుల వరకు వసతి ఒకేచోట.
• రక్షణ అధికారి – జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి. దారి తెలియకపోతే అంగన్‌వాడీ టీచరును అడగండి.
• 15100 – ఉచిత న్యాయ సహాయం.
• 14416 – టెలి మానస్, మానసిక ఆందోళనకు ఉచితంగా ఫోనులో సలహా.
• 1098 – పిల్లలకు ఆపద ఉంటే.

సంఘ పెద్దలకు, కాపరులకు

దెబ్బలు తిన్న స్త్రీ ఆసుపత్రికంటే ముందు మీ దగ్గరకే రావచ్చు. ప్రార్థన చేయండి, అది ఆమెకు బలం. కానీ ప్రార్థన చేసి అదే ఇంటికి పంపించి ఊరుకోవద్దు. ఎఫెసీ పత్రిక అయిదవ అధ్యాయంలో భార్యలకు చెప్పినది బోధించేవారు, అక్కడే భర్తలకు చెప్పినది కూడా అంతే గట్టిగా బోధించాలి. ఆమె చెప్పిన సంగతి ప్రార్థన మనవిగా అందరి ముందు ప్రకటించకండి. పెళ్లికి ముందు మీరు ఇచ్చే బోధలో "ఈ ఇంట్లో చేయి ఎత్తకూడదు" అన్న మాట ఒకటి చేర్చండి.

మాతో పనిచేసే నర్సులకు, ఆయాలకు కూడా ఒక మాట. యూనిఫారం వేసుకున్నంత మాత్రాన ఇంట్లో దెబ్బలు పడవని లేదు. పొడుగు చేతుల జాకెట్టు వెనుక మీరు దాచుకున్నది మీ వార్డు సిస్టరుకు చెప్పవచ్చు. రోగికి ఇచ్చే రహస్యమే మీకూ ఉంటుంది.

ఈ పత్రికను ఇంట్లో అందరూ చదువుతారు. కాబట్టి అవసరమైనవారు దీనిని చింపి దాచుకోనక్కరలేదు. మూడు అంకెలు గుర్తు పెట్టుకోండి: 1, 8, 1. ఫోను కూడా చేయలేకపోతే, ఏదో ఒక నొప్పి చెప్పి మన ఓ.పి.కి రండి. "సిస్టరుతో ఒంటరిగా మాట్లాడాలి" అంటే చాలు. బరువు చూడాలని చెప్పి మేమే లోపలికి పిలుస్తాము.

– నర్సింగ్ సూపరింటెండెంట్